అచ్చు అతుకు

మా ఇంటి వెడల్పు పదకొండు అడుగులు.
పొడవు ఎంతంటే
వీధి గుమ్మం నుంచి నూతి గట్టు దాకా
ఏడు చీరలు పరిస్తే ఇంకా జానెడు మిగులుతుందనేవాడు తాత.
బరంపురంలో మా వీధి ఇళ్ళన్నీ ఇంతే.
భుజాలు రాసుకుని నిలబడ్డాయి,
ఎవరికీ పక్కకు ఒత్తిగిల్లే చోటు లేదు.

నడిమి గదికి పగలు తెలీదు.
కాన్పులు, జ్వరాలు, అలకలు అందులోనే.
కూర్మమ్మత్త మగ్గమూ అందులోనే.
స్విచ్చి వేస్తేనే తెల్లారేది.

భువనేశ్వర్ నుంచి ఇతిశ్రీ వచ్చింది,
చేతిలో టేపు కూడా లేదు.
ఎర్రటి చుక్క ఒకటి వచ్చి గోడ మీద వాలింది.
కుంకుమనుకుని అత్త తుడవబోతే
చుక్క ఆమె గోరు మీదికెక్కింది.
"పదిన్నర" అంది ఆ పిల్ల ఒడియాలో.
"పదకొండు" అంది అత్త తెలుగులో.
మిగతా అరడుగుని
మూడు తరాల సున్నం తినేసిందని తరవాత తెలిసింది.

ప్లాను పరిచారు.
నడిమి గది కప్పు తీసి గాజు,
గాజు కింద ఇనప మెట్లు,
పైన రెండు గదులు. ఒకటి తమ్ముడికీ నీలవేణికీ,
రెండోది ఎవరికో ఎవరూ చెప్పలేదు.
పక్క గోడ మందం పది అంగుళాలు, అందులో ఐదే మావి.
అవతలి ఐదింటికి లోకనాథం మావయ్య
కేలండరు మేకు కొట్టుకున్నాడు.
కాబట్టి దూలం గోడ మీద వాలకూడదు,
నాలుగు స్తంభాలేసుకుని తన కాళ్ళ మీద తనే నిలబడాలి.
పదిన్నర కాస్తా పది అయింది.
"పెంచుతామని తగ్గిస్తారేట్రా?" అంది అత్త.

మగ్గం గుంట దగ్గర పని ఆగింది.
పైపులన్నీ వచ్చి కలిసే తొట్టి ఎక్కడో ఒకచోట ఉండాలి,
ముందే తవ్వి ఉన్న చోటు అదొక్కటే.
సిమాంచల్ మేస్త్రి పార పక్కన పెట్టి
ముట్టించని బీడీతో నిలబడ్డాడు.
ఎవరమూ అత్త వంక చూళ్ళేదు.
"నలభై ఏళ్ళు కాళ్ళు పెట్టుకున్నాను,
ఇంక మీరు నీళ్ళు పెట్టుకోండి" అని
టీ కాచడానికి వెళ్ళిపోయింది.
ఆ రోజు టీలో చక్కెర లేదు. మేం అడగలేదు.

నాలుగో గది గోడ పెచ్చు ఊడగొడుతుంటే
లోపల ఒక కిటికీ,
ఊచలతో, రెక్కలతో సహా ఇటుకలు పేర్చి మూసేసిన కిటికీ.
ఒకప్పుడు ఇల్లు ఇక్కడితో అయిపోయేదన్న మాట.
ఇందులోంచి ఎవరో పెరడు చూసేవారు,
నుయ్యి, బట్టలారేసిన తాడు.
తాత వచ్చి ఆ పెరటిని గదులు చేశాడు.
ఆయనతో ఎవరు దెబ్బలాడారో,
ఆ రోజు ఎవరి గంజిలో ఉప్పు లేదో.
పాత ఇల్లంటున్నాం గానీ
ఇది ఎన్నోసారి కొత్తదో.

కిటికీ రెక్క ముట్టుకుని అత్త
అచ్చు అతకడం గురించి చెప్పింది.
పాత పడుగు అయిపోయే చోట జానెడు ఉంచేస్తారు, కొయ్యరు.
కొత్త పడుగు పోగు ఒక్కొక్కటీ తెచ్చి
పాత కొస ఒక్కొక్కదానికీ మెలిపెడతారు.
వేల పోగులు. ఒక్కటి తప్పితే బట్ట పొడుగునా గీత.
"ముడెయ్యరు. మెలి, అంతే. వేళ్ళ బూడిదే పట్టుకుంటాది."
ఇతిశ్రీకి అర్థమైందో లేదో,
ఫోన్లో ఏదో రాసుకుంది.

కాంక్రీటుకీ పాత గోడకీ నడుమ
అంగుళం సందు వదిలాడు సిమాంచల్.
కొత్తది ఇంకా కుంగాలి, పాతది ఎప్పుడో కుంగి ఊరుకుంది.
రెండిటినీ కలిపి కట్టేస్తే రెండూ పగుల్తాయట.
సందులో మెత్తటిదేదో కూరి పైన పూత పూశాడు.

ఇప్పుడు పదకొండున్నరకి
నడిమి గదిలో పలకంత ఎండ.
పన్నెండున్నరకి గోడెక్కి పోతుంది.
అత్త ఎండలోంచి మంచం జరుపుకుంటుంది,
మళ్ళీ ఎండలోకి జరుపుకుంటుంది.
నేరేడు రంగని నేసిన చీర అంచు
వంకాయ రంగని మొన్న కనిపెట్టింది.
రంగద్దినవాడు పోయి ఇరవై ఏళ్ళు,
ఇప్పుడు తిడుతోంది.

మొదటి వానకి పూత మీద గీత వచ్చింది,
వెంట్రుకంత, నేల నుంచి కప్పు దాకా.
"అక్కడ అది రావాల్సిందే" అన్నాడు సిమాంచల్ ఫోన్లో.
గ్యాసు పొయ్యిలో బూడిదెక్కడిది?
అగరుబత్తి నుసి వేలికద్దుకుని
కింద నుంచి పైకి, అందినంత మేర
గీత వెంట రాస్తోంది అత్త.

గోడ అవతల నుంచి లోకనాథం మావయ్య:
"ఏటే కూర్మీ, ఏటా గోకుడు?"